హ్యాడ్ ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసేయాలి: నాకు ఎలా తెలిసిందంటే

మీరు అడిగింది ఇది: పాస్ట్ పర్ఫెక్ట్‌కి 'హ్యాడ్ ప్లస్ వి3' (వి3 అంటే 'గాన్' లాంటి క్రియ మూడో రూపం) అనే ఫార్ములా కంఠతా వచ్చు, ఖాళీలు పూరించమంటే పూరిస్తారు, కానీ మాట్లాడేటప్పుడు 'వెంట్' అనాలా 'హ్యాడ్ గాన్' అనాలా అని ఆగిపోతున్నారు. నేనైతే ఆగేదాన్ని కూడా కాదు. జరిగిపోయిన ప్రతిదానికీ హ్యాడ్ తగిలించేదాన్ని. అలా అంటే ఇంగ్లిష్ కాస్త బరువుగా, మర్యాదగా ఉంటుందని నా నమ్మకం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మేనేజర్‌కి 'ఐ హ్యాడ్ సెంట్ ది ఫైల్ యెస్టర్‌డే' అని ఒక్క లైను మెయిల్ రాశాను. ఆయన మాతృభాష ఇంగ్లిష్. 'సరే, పంపావు. తర్వాత ఏమైంది? అందులో ఏమైనా తప్పుందా?' అని జవాబొచ్చింది. నాకు టెన్షన్ పట్టుకుని అదే ఫైలు మళ్ళీ పంపాను. దాంతో ఆయన, రెండింట్లో ఏది సరైనది అని అడిగారు! ఫోన్‌లో మాట్లాడితే గానీ విషయం తేలలేదు. 'ఐ సెంట్' అని ఉంటే ఇంత గొడవే లేదు.

ఆ రోజు అర్థమైంది, హ్యాడ్ ఒంటరిగా నిలబడదని. నేను రాసింది తెలుగులో 'నిన్న అప్పటికే పంపేశాను' అని చెప్పి ఊరుకున్నట్టు ఉంది. ఎప్పటికే? వినేవాళ్ళు ఆ రెండో సంగతి కోసం చూస్తూ ఉంటారు.

బడిలో మనకు దీన్ని 'నేను వెళ్ళి ఉంటిని' అని తెలుగు చేసి చెప్పారు. ఆ మాట ఎవరైనా ఎప్పుడైనా ఇంట్లో అనగా విన్నారా? మనం మాట్లాడని తెలుగుతో ఇంగ్లిష్ నేర్పితే ఎలా ఎక్కుతుంది! మనకు నిజంగా ఉన్న మాట 'అప్పటికే'. లేదంటే 'వెళ్ళేసరికి' లాంటిది. ఈ రెండు వాక్యాలు చూడండి.

'వెన్ ఐ రీచ్డ్ ది స్టాప్, ది బస్ లెఫ్ట్.' నేను వెళ్ళగానే బస్సు కదిలింది. పరిగెత్తితే అందేదేమో.

'వెన్ ఐ రీచ్డ్ ది స్టాప్, ది బస్ హ్యాడ్ లెఫ్ట్.' నేను వెళ్ళేసరికే బస్సు వెళ్ళిపోయింది. ఇక పరిగెత్తినా లాభం లేదు.

తేడా అంతా ఆ ఒక్క హ్యాడ్‌లోనే ఉంది. ఇంకో అపోహ కూడా చాలామందికి ఉంటుంది: చాలా పాత విషయమైతే హ్యాడ్ అని. కాదు. 10 ఏళ్ళ కిందటిదైనా ఊరికే చెబుతుంటే వి2, అంటే 'వెంట్' లాంటి రెండో రూపం చాలు. 2 నిమిషాల తేడా ఉన్నా, ఒకటి రెండోదానికంటే ముందే జరిగిపోయిందని చెప్పాలంటే హ్యాడ్ కావాలి.

నాకు బాగా పనిచేసింది ఒక తాళంచెవి కథ. 'ఐ కేమ్ హోమ్. ఐ ఓపెన్డ్ మై బ్యాగ్. ది కీ వాజ్ నాట్ దేర్.' ఇక్కడిదాకా జరిగింది జరిగినట్టు వరుసగా చెబుతున్నాం, అన్నీ మామూలు పాస్టే. ఇప్పుడు కథ ఒక అడుగు వెనక్కి వెయ్యాలి: 'ఐ హ్యాడ్ లెఫ్ట్ ఇట్ ఆన్ మై డెస్క్.' చెవి మరిచిపోవడం ఇంటికి రాకముందు సంగతి. వరుస తప్పి వెనక్కి వెళ్ళాం కాబట్టి హ్యాడ్. అదే కథని మొదటినుంచీ చెబితే, 'ఐ లెఫ్ట్ ది కీ ఆన్ మై డెస్క్ అండ్ కేమ్ హోమ్' అంటే సరిపోతుంది. మనం 'చెవి మరిచిపోయి ఇంటికొచ్చాను' అన్నప్పుడు 'మరిచిపోయి' అనే మాటే ఏది ముందో చెప్పేస్తుంది కదా, అలాగే.

బిఫోర్, ఆఫ్టర్ ఉన్నచోట ముందువెనకలు ఎలాగూ తెలిసిపోతాయి. అక్కడ హ్యాడ్ లేకపోయినా చాలాసార్లు తప్పు కాదు. బుర్ర పాడుచేసుకోకండి.

తెలుగుకి అచ్చంగా సరిపోయే చోటు ఒకటుంది. 'నాకు తెలిసి ఉంటే వచ్చేదాన్ని' అంటాం. 'ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, ఐ వుడ్ హావ్ కమ్.' ఆ 'ఉంటే' ఉన్నచోట హ్యాడ్ పడుతుంది. జరగనిదాని గురించిన మాట ఇది, పైన చెప్పినదానితో కలపొద్దు.

'ఐ హ్యాడ్ హ్యాడ్ లంచ్' చూసి నేను అచ్చుతప్పు అనుకున్నాను. కాదట! మొదటిది సహాయక క్రియ, రెండోది 'హావ్'కి వి3. వినేటప్పుడు ఇంకో చిక్కు, 'ఐడ్' అని పొట్టిగా అనేస్తారు. తర్వాత 'గాన్' వస్తే అది హ్యాడ్, 'గో' వస్తే వుడ్.

సాధన అంటారా, నేను కొత్త పుస్తకాలేమీ కొనలేదు. పంపేసిన నా మెయిల్స్ తెరిచి, హ్యాడ్ కనిపించిన ప్రతిచోటా 'ఎప్పటికే?' అని నన్ను నేను అడిగాను. జవాబు ఆ వాక్యంలోనో పక్క వాక్యంలోనో దొరికితే ఉంచాను, దొరక్కపోతే తీసేసి వి2 పెట్టాను. మొదట తెరిచిన మెయిల్‌లో అయిదు హ్యాడ్‌లుంటే నాలుగు ఎగిరిపోయాయి. మిగిలిన ఆ ఒక్కటీ కూడా, నిజం చెప్పాలంటే, గుడ్డిగా తగిలిందే.