ఇక్కడ నడిచింది అక్కడ నడవకపోతే

ప్రశ్న: సార్, మాది కావలి. బీటెక్ సీఎస్ఈ మూడో ఏడు. నాకు లైనక్స్ ఆపరేటింగ్ సిస్టం అంటే ప్రాణం. "దీంట్లో నడిచేది దాంట్లో నడవదు, ఆ గొడవ నీకెందుకు, వెబ్‌సైట్లు కట్టడం నేర్పే ఫుల్ స్టాక్ కోర్సులో చేరు" అంటున్నారు మామయ్య. నాన్నవి రొయ్యల చెరువులు, ఆయన ఏమీ చెప్పలేకపోతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చూడమ్మా, మీ మామయ్య గొడవ అంటున్నదాన్నే ఎంతోమంది ఇంజినీర్లు జీతం తీసుకుని చేస్తున్నారు. ఒక రకం మెషీన్ మీద నడిచే ప్రోగ్రాంను ఇంకో రకం మీద నడిచేలా మార్చే ఆ పనిని పోర్టింగ్ అంటారు. లైనక్స్ కంటే ముందు వచ్చిన ఆపరేటింగ్ సిస్టం యూనిక్స్, 1973లో సీ భాషలో తిరగరాశాకే వేరే రకం మెషీన్ల మీదికి సులువుగా వెళ్లగలిగింది. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ మొదలుపెట్టింది ఇంటెల్ 386 ప్రాసెసర్ కోసం. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ దాని కెర్నలే, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండెకాయే. సోర్సు, అంటే మనిషి రాసిన అసలు కోడ్, అందరికీ అందబట్టే ఎవరి చిప్‌కు వాళ్లు మార్చుకున్నారు.

అయితే "లైనక్స్ వచ్చు" అని రెజ్యూమెలో రాస్తే సరిపోదు, చేసి చూపించాలి. నాన్నగారు రాసుకునే డీఓ (చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు ఫైల్లోంచి చదివి, తెల్లారుజామున ఆక్సిజన్ పడిపోయిన రోజులు చూపే ప్రోగ్రాం సీలో రాయి. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లైనక్స్ మీద కంపైలైన (మెషీన్ భాషలోకి మారిన) ఫైలును అలాగే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులో పెడితే "ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్" వస్తుంది. నీ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ రకం ప్రాసెసర్, అక్కడ ఆర్మ్. సోర్సును అక్కడే మళ్లీ కంపైల్ చెయ్యి. బోర్డు కొనలేకపోతే క్యూఈఎమ్‌యూ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ల్యాప్‌టాప్‌లోనే ఆర్మ్ మెషీన్‌ను నడిపిస్తుంది. తర్వాత యూనిక్స్ కుటుంబానికే చెందిన ఫ్రీబీఎస్‌డీ మీద కూడా ప్రయత్నించు.

చిన్నవే ఎక్కువ ఏడిపిస్తాయి. విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్టు (కమాండ్ల ఫైలు) కళ్లముందే ఉంటుంది, లైనక్స్ మాత్రం "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటుంది. విండోస్ ప్రతి లైను చివర రెండు గుర్తులు పెడుతుంది, లైనక్స్‌కు ఒక్కటే చాలు. మిగిలిన ఆ కనపడని గుర్తు, స్క్రిప్టును నడిపే బాష్ ప్రోగ్రాం పేరుకు అతుక్కుంటుంది. ఈ ఒక్కదానికే రాత్రంతా కూర్చున్న పిల్లల్ని చూశాను. సీలో పూర్ణాంకాలు దాచే 'లాంగ్' రకం కూడా అంతే, 64 బిట్ లైనక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ విండోస్‌లో 4. ఏది ఎక్కడ ఆగింది, ఎలా సరిచేశావు అన్నది నోట్సుగా రాసిపెట్టు. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అదే పనికొస్తుంది.

ఒక్క సంగతి దాచను. ఈ ఉద్యోగాలు క్యాంపస్‌కు గుంపుగా రావు. ఎంబెడెడ్ లైనక్స్, ఫర్మ్‌వేర్, బిల్డ్ ఇంజినీర్ అన్న పేర్లతో బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలలో వెతుక్కోవాలి. కాబట్టి క్యాంపస్ పరీక్షలు, డేటా స్ట్రక్చర్లు వదలొద్దు. కోర్సు ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకు. సంక్రాంతి సెలవుల్లో ఈ ప్రోగ్రాం మొదలుపెట్టు, ఎక్కడైనా ఆగిపోతే ఎర్రర్ ఉన్నదున్నట్టు రాసి పంపు.