సబ్బుబిళ్ల వెనక రాజ్యం

ప్రశ్న: మాస్టారూ, బ్రిటిష్‌వాళ్లు నైజీరియాను ఆక్రమించింది బంగారం కోసమేనా? – ఒక డిగ్రీ విద్యార్థిని, ఏలూరు

జవాబు: బంగారం కాదమ్మా, ముందు పామాయిల్. ఈ పాఠం చెప్పే రోజు బల్లమీద సబ్బుబిళ్ల పెట్టేవాణ్ణి, పిల్లలు నవ్వేవారు. 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించాక, లివర్‌పూల్ ఓడలు నైజీరియాలోని నైజర్ నది డెల్టా నుంచి పీపాలకొద్దీ ఈ నూనె మోశాయి. సబ్బుకి, కొవ్వొత్తికి, యంత్రాల కందెనకి అదే కావాలి. మీ జిల్లా తోటల్లో కనిపించే ఆయిల్‌పామ్‌కి పుట్టిల్లు ఆ పశ్చిమాఫ్రికానే.

ఆ డెల్టాలోనే ఉన్న ఒపోబో రాజు జాజా సంగతి చూడు. చిన్నప్పుడు బానిసగా అమ్ముడుపోయినవాడు. 1869లో సొంత రాజ్యం పెట్టి, తెల్ల వర్తకులను పక్కకి నెట్టి సరుకు నేరుగా లివర్‌పూల్‌కే పంపాడు. బ్రిటిష్‌వాళ్లతో 1884లో చేసుకున్న ఒప్పందంలో స్వేచ్ఛా వాణిజ్యం (ఎవరైనా వచ్చి వర్తకం చేసుకోవచ్చనే) షరతును పట్టుబట్టి కొట్టేయించాడు కూడా. గడుసువాడు! 1887లో బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి (కాన్సల్) జాన్‌స్టన్ చర్చలకని, భయం లేదని మాటిచ్చి ఓడ దగ్గరికి రప్పించాడు. అంతే, జాజా మళ్లీ ఇల్లు చూడలేదు. బందీగా వెస్టిండీస్‌కు పంపేశారు. 1891లో తిరిగొస్తూ దారిలో టెనెరిఫ్ దీవిలో పోయాడు. దీనికి వాళ్లు పెట్టుకున్న పేరు స్వేచ్ఛా వాణిజ్యం!