అత్తరు సాయిబు నీ మొహం చూస్తాడు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. నాయనమ్మ ట్రంకుపెట్టె తెరిచే చోట నాకు పేచీ వచ్చింది. ‘మత్తెక్కించే, మధురమైన, మరపురాని అత్తరు పరిమళం’ అన్నావు. మకారాలు బాగానే కుదిరాయి గానీ నా ముక్కుకి ఏమీ తగల్లేదు.

నాకూ ఈ జబ్బుండేది. ముప్పయ్యేళ్ల కిందట ఒక అగరబత్తీల కంపెనీకి రేడియో ప్రకటన రాసిచ్చాను. నాలుగు వాక్యాలకి పదకొండు విశేషణాలు. ఓనరుగారు చదివించుకుని విని, ‘పూలకొట్టు చిట్టాలా ఉందండీ’ అని కాగితం వెనక్కిచ్చేశాడు. డబ్బులూ ఇవ్వలేదు, అది వేరే సంగతి.

అప్పట్నించీ సెంటు ప్రకటనలు కనిపిస్తే వదలను. నవ్వకు. రిడ్లీ స్కాట్, డేవిడ్ లించ్, స్కోర్సేసీ అంతటి సినిమా దర్శకులు తీశారు వాటిని. తెరకి ముక్కు లేదు కదా, ఎన్ని డబ్బులు పోసినా వాసన చూపించలేరు. మరేం చేస్తారన్నదే నా కుతూహలం.

2004లో షనెల్ నంబర్ 5 అనే సెంటుకి దర్శకుడు బాజ్ లుర్మన్ తీసింది చూడు. నటి నికోల్ కిడ్‌మన్ ఈకల గౌను ఈడ్చుకుంటూ న్యూయార్క్ ట్రాఫిక్‌లో పరిగెత్తి ఒక టాక్సీలోకి దూరుతుంది. అందులో ఉన్నవాడు, నీలాగే, రచయిత. ఖర్చు 3 కోట్ల 30 లక్షల డాలర్లని చెప్పుకుంటారు. కళ్లు చెదిరిపోతాయి, నిజమే. ఇంతా చేసి, పరిమళం ఊసు చివరికి ఆ రచయిత నోటితోనే అనిపించారు. అదీ నీ మూడు మకారాల పద్ధతే, కాస్త ఖరీదెక్కువ.

కెంజో వాళ్ల సెంటుకి 2016లో దర్శకుడు స్పైక్ జోన్జ్ తీసింది వేరే దారి. నటి మార్గరెట్ క్వాలీ ఆకుపచ్చ గౌనులో ఏదో పెద్ద విందులో కూర్చుని ఉంటుంది. వేదిక మీద ఎవరో మాట్లాడుతుంటారు. మెల్లగా లేచి బయటికొస్తుంది. ఎవరూ లేని చోట నిలబడితే కళ్లలో నీళ్లు. ఉన్నట్టుండి మొహం అదురుతుంది. ఇక ఒళ్లు ఆమె మాట వినదు. వంకర మొహాలు, పూనకం వచ్చినట్టు గంతులు, వేళ్ల చివర్లలోంచి వెలుగు చారలు. ఆఖర్న పూలతో చేసిన పే...ద్ద కంటిలోంచి అవతలికి దూకేస్తుంది. దాదాపు నాలుగు నిమిషాలు. ఆ సెంటు ఎలా ఉంటుందో నాకిప్పటికీ తెలీదు, అది పూసుకున్న మనిషి మాత్రం తెలుసు.

1990లో ఎగోయిస్ట్ (అంటే స్వార్థపరుడు) అనే మగవాళ్ల సెంటుకి జాన్ పాల్ గూడ్ ఇంకా గడుసు పని చేశాడు (ఈయన ప్రధానంగా ఫొటోలూ బొమ్మల మనిషి). మేడ కిటికీలు ధడాధడా తెరుచుకుంటాయి, ఆడవాళ్లు బాల్కనీల్లోంచి ఆ పేరుతోనే తిట్టిపోస్తుంటారు. ఆ తిట్లు తినేవాడు కనపడడు. చెయ్యొక్కటే బయటికొచ్చి సీసా పెడుతుంది.

మన చార్మినార్ దగ్గర అత్తరు సాయిబుకీ ఈ కిటుకు తెలుసు. చేతికి రాశాక సీసా వంక చూడడు, నీ మొహం చూస్తాడు.

ఇక నీ కథ. ఆఖరి పేజీలో ఏదో మాటవరసకి అన్నట్టు రాశావు, నాయనమ్మ పోయాక తాతయ్య ఆ గదికి సున్నం వేయనివ్వలేదని. ఆ వాక్యం అక్కడెందుకుంది? పెట్టె దగ్గరికి తీసుకురా. విశేషణాలు మూడూ కొట్టేసి మళ్లీ పంపు. దీపావళి దాకా ఊళ్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య