పెద్ద ఆంప్ లేకుండా గొప్ప గిటారిస్ట్ కాలేమా?

కర్నూలు ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నావు, ఉన్నది పది వాట్ల ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్లిఫయర్). ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో నడిచేది), శబ్దాన్ని మార్చే ఖరీదైన పెడళ్లు లేకపోతే గొప్ప టోన్, అంటే మంచి నాదం, రాదని స్నేహితులంటున్నారు, నిజమేనా అని అడిగావు. కాదు తమ్ముడూ. వినేవాళ్లు టోన్ అనుకునేదాంట్లో చాలా భాగం శ్రుతే. తీగ లాగినప్పుడు స్వరం చేరాల్సిన చోటికి చేరకపోతే ఏ ఆంపూ కాపాడదు.

ఇలా చూసుకో. మూడో తీగ మీద ముందు తొమ్మిదో ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర నొక్కి మీటి ఆ స్వరాన్ని చెవిలో నిలుపుకో. తర్వాత ఏడో ఫ్రెట్ నుంచి తీగను నెట్టి అదే స్వరం తెప్పించు. ఉంగరపు వేలు ఫ్రెట్ మీద, దాని వెనక మధ్యవేలు, చూపుడువేలు తోడుండాలి. బొటనవేలు నెక్ (గిటార్ మెడ) పైకి రావాలి. వేళ్లతో తోస్తే నొప్పే మిగులుతుంది, మణికట్టు తిప్పాలి. శ్రుతి చూపే ట్యూనర్ యాప్ 'ఇ' (E) స్వరం చూపించాలి. మొదట్లో దాదాపు అందరికీ శ్రుతి కాస్త తక్కువే పడుతుంది. డిస్టార్షన్ (శబ్దాన్ని గరుకుగా చేసేది) పెంచితే ఆ లోటు సరిగ్గా తెలియదు, అందుకే ఈ సాధన అది లేని క్లీన్ శబ్దంలోనే చెయ్యి. అది కుదిరాక వైబ్రాటో, అంటే స్వరాన్ని ఊపడం: లాగిన తీగను కొంచెం వదిలి మళ్లీ అదే ఎత్తుకు తేవాలి, దాటించకూడదు. మెట్రోనోమ్ 60లో పెట్టి బీట్‌కు మూడు ఊపులు.

మన వీణలో తీగ లాగి పలికించే గమకం కూడా ఇదే పని. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద గమకం పలికించారు. పరికరం మార్చింది చేతికి దారివ్వడానికే. ఇంగ్లండ్ రాక్ గిటారిస్ట్ జెఫ్ బెక్ అయితే పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) వదిలేసి వేళ్లతో మీటుతూ, వాల్యూమ్ నాబ్ తిప్పుతూ ఒక్క స్వరంతోనే మనసు కదిలించేవాడు.

టోన్ అక్కర్లేదని కాదు. ఇంట్లో బాగుందని ఆంప్‌లో మిడ్ (మధ్య స్థాయి ధ్వనులు) తగ్గించేస్తారు, స్టేజీ ఎక్కాక గిటార్ వినపడదు. కింది స్థాయి ధ్వనుల్లో బేస్ గిటార్, కిక్ డ్రమ్, పై స్థాయిలో సింబల్స్ ఉంటాయి. గిటార్‌కు మిగిలే చోటు మధ్యలోనే. ఆంప్ నాబ్‌లను పదికి గెయిన్ (సిగ్నల్ బలం) 3, బేస్ (కింది ధ్వనులు) 4, మిడ్ 7, ట్రెబుల్ (పై ధ్వనులు) 5తో మొదలుపెట్టి చూడు. పన్నెండో ఫ్రెట్‌లో హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే నొక్కిన స్వరం శ్రుతిలో హెచ్చుగా ఉంటే బ్రిడ్జ్ శాడిల్‌ను (గిటార్ కింది కొసన తీగను మోసే ముక్కను) వెనక్కి జరపాలి. ఎండాకాలం మన గాలి పొడికి ఫ్రెట్‌బోర్డ్ కొయ్య కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు చేతికి గీసుకుంటాయి, గిటార్‌ను కేసులోనే పెట్టు. చెమట తుడవకపోతే తీగలు తుప్పు పట్టి స్వరం మొద్దుబారుతుంది.

ఇంకొకటి, ఇది ప్రాణంతో పని. స్టేజీ మీద ఆంప్‌లో హమ్ (గుయ్‌మనే మోత) వస్తోందని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను మాత్రం ఎప్పుడూ తీయొద్దు. గిటార్ తీగలు ఆ ఎర్త్‌కే కలిసి ఉంటాయి, ఆంప్‌లో లోపం ఉంటే కరెంటు నీ చేతికే వస్తుంది. ముందు ఆ సాకెట్లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు.