తుప్పు పట్టి బిగుసుకుపోయిన నట్టు విప్పడానికి ఏ నూనె వాడాలి?

ఇంజన్ ఆయిల్, గ్రీజు ఈ పనికి పనికిరావు. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఉబ్బి, నట్టు, బోల్టు థ్రెడ్ల (మరల) మధ్య ఉండే సన్నటి సందును పూడ్చేస్తుంది. చిక్కటి నూనె అందులోకి దిగదు. దీనికి వాడాల్సింది పెనెట్రేటింగ్ ఆయిల్, అంటే సందుల్లోకి దిగే నూనె. అది బాగా పల్చన. వత్తి నూనెను పీల్చుకున్నట్టే ఆ సందు దాన్ని లోపలికి లాక్కుంటుంది.

చాలామంది వాడే డబ్ల్యూడీ-40 స్ప్రే అసలు రకం 1953లో తేమను తరిమేయడానికి తయారైంది. కొద్దిపాటి తుప్పుకు చాలు. మొండి నట్టుకైతే డబ్బా మీద పెనెట్రేటింగ్ ఆయిల్ అని ఉన్నదే తీసుకోండి.

నిజానికి ఏ బ్రాండ్ అన్నదానికన్నా ఓపికే ముఖ్యం. ముందు వైర్ బ్రష్‌తో పైతుప్పు గీకేయండి, లేకపోతే నూనె పైనే ఉండిపోతుంది. నట్టు, బోల్టు కలిసే అంచు మీద నూనె కొట్టి, సుత్తితో నట్టు చుట్టూ చిన్నగా తట్టండి. ఆ అదురుకు తుప్పు పగిలి నూనెకు దారి దొరుకుతుంది. పదిహేను నిమిషాలాగి మళ్లీ నూనె కొట్టండి. బాగా పట్టేసి ఉంటే రాత్రంతా వదిలేయండి.

పానా వేశాక ముందు కాస్త బిగించే వైపు తిప్పి చూడండి. చిన్నగా 'టక్' మంటే పట్టు వదిలినట్టే. అప్పుడు వదులు చేస్తూ, మళ్లీ కొద్దిగా బిగిస్తూ బయటికి తీయండి. ఒకేసారి బలమంతా పెడితే బోల్టు తెగిపోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి: ఈ నూనెలకు నిప్పంటుకుంటుంది. నూనె కొట్టిన నట్టు మీద మంట పెట్టొద్దు. బ్రేక్ ప్యాడ్ల మీద చుక్క కూడా పడనివ్వకండి.