రీబూట్ చేసిన ప్రతిసారీ యూఎస్‌బీ కేబుళ్ల పేర్లు తారుమారు: మా కాటా అనుభవం

లినక్స్ కంప్యూటర్‌కి రెండు యూఎస్‌బీ-సీరియల్ కేబుళ్లున్నాయి, రీబూట్ చేస్తే సిస్టం ఒకదానికి పెట్టిన టీటీవై-యూఎస్‌బీ-0 అనే పేరు కాస్తా టీటీవై-యూఎస్‌బీ-1 అయిపోతోంది, పేరు కదలకుండా ఉంచడమెలా అని ఒకరు అడిగారు. ఇదే తిప్పలు నేను గాజువాక ఆటోనగర్‌లో ఒక లారీల కాటా దగ్గర పడ్డాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక చాలా రోజులు కరెంటు లేదు. వచ్చాకా నిలకడ లేదు. పోయి వచ్చినప్పుడల్లా సిస్టం మళ్లీ లేవాల్సిందే. ఒక కేబులు బరువు చూపే ఇండికేటర్‌ది, రెండోది బయట డ్రైవర్లకు కనిపించే డిస్‌ప్లే బోర్డుది. ఓ పొద్దున్న లోడు లారీ కాటా మీదుంది, తెర మీద సున్నా. "ఏటి బాబూ, నా బండి గాల్లో తేల్తందా?" అన్నాడు డ్రైవరు. వెనక ఇంకా ఆరు లారీలు, హారన్లు. రెండు కేబుళ్లూ పీకి, ముందు ఇండికేటర్‌ది, తర్వాత బోర్డుది గుచ్చితే సరిపోయింది. నెలపాటు నేను చేసిన రిపేరు అదే, చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

అసలు కిటుకు ఆ గుచ్చే వరసలోనే ఉంది. ఆ 0, 1 టోకెన్ నంబర్లు మాత్రమే. ఏ కేబులు ముందు కనిపిస్తే కెర్నల్, అంటే లినక్స్ గుండెకాయ, దానికి 0 ఇచ్చేస్తుంది. బూట్‌లో ఏది ముందు పలుకుతుందో ఎవరూ చెప్పలేరు.

ఆ పైన మనకు కావలసిన పేరు తగిలించేది యూడెవ్ అనే లినక్స్ ప్రోగ్రాం. 2003లో గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ మొదలుపెట్టారు, 2012లో సిస్టంను లేపి నడిపే సిస్టమ్‌డీలో కలిసింది. పరికరం తగలగానే కెర్నల్ దాని వివరాలు సిస్‌ఎఫ్‌ఎస్ అనే ఫైళ్ల చెట్టులో పెట్టి, యూఈవెంట్ అనే కబురు పంపుతుంది. యూడెవ్ అది అందుకుని, రూల్స్ ఫైళ్లను వాటి పేర్ల అక్షరక్రమంలో చూసుకుంటూ పోయి, సరిపోయిన చోట అనుమతులు, సిమ్‌లింకులు (అసలు పేరుకు దారి చూపే మారుపేర్లు) పెడుతుంది. అసలు పేరునే మార్చాలని మాత్రం చూడకండి. నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లకు తప్ప అది కుదరదు. పక్కన ఓ మారుపేరు చాలు.

నా మొదటి రూలు: సబ్‌సిస్టం (పరికరం జాతి) టీటీవై, వెండర్ (తయారీదారు నంబరు) 1ఏ86, ప్రొడక్ట్ (మోడల్ నంబరు) 7523 అయితే 'కాటా' అని సిమ్‌లింకు పెట్టు. పని చేసింది, అదీ ఒక్క పూట. రెండు కేబుళ్లూ డాబాగార్డెన్స్‌లో ఒకే రోజు కొన్న చవక సరుకు, రెండింటిలోనూ సీహెచ్340 చిప్పే! దాంతో 'కాటా' ఓసారి ఇండికేటర్ వైపు, ఓసారి బోర్డు వైపు గెంతేది. సీరియల్ నంబరుతో వేరు చేద్దామంటే వాటికి అదే లేదు. మీ కేబుళ్లకు ఉంటే అదృష్టవంతులు: పరికరాల పేర్లుండే డెవ్ ఫోల్డర్లో, సీరియల్ ఫోల్డరు కింద 'బై-ఐడీ' చూడండి, స్థిరమైన పేరు ఇప్పటికే తయారుగా ఉంటుంది. రూలు రాసే పనే లేదు.

లేకపోతే ఉన్న దారి, కేబులు గుచ్చిన పోర్టు చిరునామా. యూడెవ్‌అడ్మ్ ఇన్ఫో అనే కమాండు చూపించే వివరాల్లో 1-1.2 లాంటిది కనిపిస్తుంది. మన విశాఖ డోర్ నంబర్లలా చదువుకోవచ్చు: 1వ యూఎస్‌బీ బస్ (కంప్యూటర్‌లోని యూఎస్‌బీ లైను), అందులో 1వ పోర్టు, దానికున్న హబ్‌లో (ఒక పోర్టును పలు పోర్టులు చేసే పెట్టె) 2వ పోర్టు. రూల్లో 'కెర్నల్స్' దగ్గర అది రాస్తే, ఆ గుమ్మంలో ఏ కేబులు గుచ్చినా 'కాటా' అవుతుంది. పక్క గుమ్మానికి 'బోర్డు' అని మరో రూలు.

ఇక్కడ నాకు ఒక సాయంత్రం పోయింది. ఆ ఇన్ఫోలో పరికరం, దాని తల్లి (అది తగులుకున్న పై పరికరం), తల్లి తల్లి అంటూ వరసగా వివరాలు వస్తాయి. చిరునామా ఒక తల్లి దగ్గరా, వెండర్ పైన హబ్ దగ్గరా తీసుకుని కలిపేశాను. పరికరం సొంత వివరాలతో పాటు ఒక్క తల్లివే వాడాలి, లేకపోతే రూలు పలకదు, తప్పని కూడా చెప్పదు. రూల్లో పోల్చడానికి రెండు ఈక్వల్ గుర్తులు, ఇవ్వడానికి ఒకటి, సిమ్‌లింకుకైతే ప్లస్-ఈక్వల్.

ఫైలు ఈటీసీ కింద యూడెవ్ రూల్స్ ఫోల్డర్లో పెట్టి, యూడెవ్‌అడ్మ్‌తోనే, రూల్స్ మళ్లీ చదివించే కంట్రోల్ రీలోడ్, ఆపైన వాటిని అమలు చేయించే ట్రిగ్గర్ కొట్టండి. కేబులు వాడే సాఫ్ట్‌వేర్‌లో కొత్త పేరు ఇవ్వడం మరిచిపోవద్దు.

ఒక ఇబ్బంది ఉంది: కేబులు పోర్టు మారితే పేరూ పోతుంది. తుడిచే కుర్రాడు ఓసారి మార్చేశాక, రెండు పోర్టుల మీదా, రెండు కేబుళ్ల మీదా నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టాను: ఎరుపు కాటాది, గులాబీ బోర్డుది.