తప్పు చేసిన కుర్రాణ్ణి తీసెయ్యాలా?

ప్రశ్న: శ్రీకాకుళంలో ఆరుగురం కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాము. పలాస జీడిపప్పు వ్యాపారులకు పిక్కల కొనుగోలు, నిల్వ, బిల్లులు చూసే అప్లికేషన్ మాది. గత నెల ఒక సాయంత్రం, చేరి ఏడు నెలలైన కుర్రాడు ఒక వ్యాపారి ధర సవరించబోయి, ఏ వ్యాపారిదో చెప్పే షరతు రాయకుండానే, డేటాబేస్‌లో విలువలు మార్చే అప్‌డేట్ ఆదేశం నడిపాడు. అందరి ఖాతాల్లోనూ 80 కిలోల బస్తా ధర ఒకటే అయిపోయింది. బ్యాకప్ చూస్తే పదకొండు రోజుల కిందటిది. అతన్ని తీసెయ్యాలని నా భాగస్వామి పట్టుబడుతున్నాడు. మీ సలహా ఏమిటి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: తీసెయ్యకండి. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ భయం కలిగించినది ఆ పదకొండు రోజుల లెక్క. బ్యాకప్ ఆగిపోయి అన్నాళ్లయినా ఆరుగురిలో ఒక్కరికీ తెలియలేదంటే, ఆ కుర్రాడు పొరపడకపోయినా, ఏదో ఒకనాడు డిస్కు పాడైనప్పుడు మీకు ఇదే గతి పట్టేది.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సంస్థలో ఇలాంటిదే జరిగింది. ఒక ఇంజనీరు తాను రెండో సర్వర్‌లో ఉన్నాననుకొని అసలు సర్వర్‌లోని డేటాబేస్‌ను చెరిపేశాడు. క్షణాల్లో తేరుకొని ఆపినా, సుమారు 300 గిగాబైట్లలో మిగిలినది నాలుగున్నర. బ్యాకప్ తీసే ప్రోగ్రాము వెర్షన్ డేటాబేస్ వెర్షన్‌తో కుదరక, రోజువారీ బ్యాకప్ ఎప్పటినుంచో విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు కూడా తిరస్కరణకు గురై ఎవరికీ అందలేదు. ఆరు గంటల ముందు అదే ఇంజనీరు వేరే పని కోసం తీసి ఉంచిన స్నాప్‌షాట్, అంటే ఆ క్షణాన ఉన్న డేటాకు నకలు, వారిని కాపాడింది. జరిగినదంతా సంస్థ బహిరంగంగా రాసి పెట్టింది కనుకనే ఇప్పుడు మీకు చెప్పగలుగుతున్నాను.

మీరూ ఆ రాతపని చెయ్యాలి. మన షావుకార్లు ఏ రోజు బేరం ఆ రోజే చిట్టాకెక్కించి, ఖాతాల వారీగా రాసే ఆవర్జాలోకి తర్వాత తెచ్చుకునేవారు. అలాగే ఆ సాయంత్రం ఏ నిమిషానికి ఏం జరిగిందో ముందు వరుసగా రాయించండి, కారణాల విచారణ తర్వాత. "ఎందుకలా చేశావు" అని నిలదీయకుండా, "అప్పుడు నీ ముందున్న తెర మీద ఏం కనిపించింది" అని అడగండి. పరీక్షకు వాడే డేటాబేస్, అసలు డేటాబేస్ రెండూ ఆదేశాలు టైపు చేసే ఒకే నల్లటి కిటికీలో, ఒకే పాస్‌వర్డుతో తెరుచుకుంటున్నాయని తేలినా నేను ఆశ్చర్యపోను. ఉద్యోగం పోతుందన్న బెదురు ఉన్నవాడు ఈసారి గంటసేపు దాచిపెడతాడు, ఆ గంటలో తప్పుడు ధరలతో బిల్లులు వెళ్లిపోతాయి.

అసలు డేటాబేస్‌లో మార్పులు చేసే హక్కు ఇద్దరికి మించి ఉంచకండి. ఆ ఇద్దరైనా ట్రాన్సాక్షన్ (ఖాయం చేసేదాకా వెనక్కి తీసుకోగలిగే మార్పు) మొదలుపెట్టి, ఎన్ని వరుసలు మారాయో చూసుకొని, ఒక్కటే మారిందని తేలాకే కమిట్ చెయ్యాలి, అంటే ఖాయం చెయ్యాలి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌గా మై ఎస్‌క్యూఎల్ వాడుతున్నట్లయితే, షరతు లేని ఆదేశాన్ని తిప్పికొట్టే 'సేఫ్ అప్‌డేట్స్' సదుపాయం అందులోనే ఉంది. దానికి 'ఐ యామ్ ఎ డమ్మీ' (నేనో మొద్దును) అన్న మారుపేరు కూడా పెట్టారు. పెట్టినవారికీ ఎప్పుడో చెయ్యి కాలే ఉంటుంది. నెలకొకసారి బ్యాకప్‌ను వేరే యంత్రంలో తెరిచి, ఒక వ్యాపారి బిల్లును అసలుతో పోల్చి చూడండి. ఒక ప్రతి జిల్లా బయట ఉండాలని, 2018లో తిత్లీ తుపానును చూసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

మళ్లీ ఏదైనా జరిగితే ఒకరు నడిపించాలి, ఒకరు రాసుకోవాలి, ఒకరు ఫోన్లు అందుకోవాలి. ముందు పాత స్థితికి తేవాలి, కారణం తీరిగ్గా వెతుక్కోవచ్చు.

ఇక పలాస వ్యాపారులకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు బిల్లులను కాగితం రసీదులతో సరిచూసుకోవాలో, తేడా వస్తే ఎవరికి చెప్పాలో ఒక్క పేజీలో రాసి ఈ వారమే పంపండి. దాని మీద మీరూ మీ భాగస్వామీ సంతకం పెట్టండి. కుర్రాడి పేరు అందులో రానివ్వకండి.